‘డి’ ప్రింట్లు ఎందుకు ఓడిపోయాయి

అమెరికాలో, రెడ్‌మండ్‌లో పనిచేసి రిటైరయ్యానని చెప్పగానే అందరూ ‘ఓహో, ఆ కంపెనీయా!’ అంటారు. కాదు నాయనా. ఆ పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యాంపస్‌కు కాస్త దూరంలో, టైర్ల షాపు వెనకాల ఉన్న రెండంతస్తుల భవనంలో మాదో చిన్న కంపెనీ. ఫొటోగ్రాఫర్లకు సాఫ్ట్‌వేర్ తయారుచేసేది. అందులో నా ఉద్యోగం ఫొటోలు చూసి తప్పులు పట్టడం. మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే, ఇంట్లో ఊరికే చేసే పనికి అక్కడ జీతం తీసుకునేవాణ్ణి.

ఈమధ్య చర్చిలో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు, కొత్తగా టెస్టింగ్ ఉద్యోగాల్లో చేరినవాళ్ళు, ‘అంకుల్, మీ కెరీర్‌లో మర్చిపోలేని ప్రాజెక్ట్ ఏదైనా చెప్పండి’ అని పట్టుకున్నారు. బాగా జరిగినవి చాలానే ఉన్నాయి. అవి చెప్తే నా డప్పు నేనే కొట్టుకున్నట్టుంటుంది. నేను చేసిన వెధవ పని ఒకటుంది, అది చెప్తాను. రెండువేల ఏడు, ఎనిమిది ప్రాంతంలోని మాట.

ముందు ఒక్క సంగతి తెలియాలి. మీ ఫోన్ తీసే ఫొటో వండి వడ్డించిన అన్నం. పెద్ద కెమెరాలు అలా వండకుండా, లోపల పడ్డ వెలుగు లెక్కల్ని ఉన్నదున్నట్టు ఒక ఫైల్‌లో దాచి ఇస్తాయి. దాన్ని రా ఫైల్, అంటే పచ్చి ఫైల్ అంటారు. దాన్ని ఫొటోగా మార్చడానికి కన్వర్టర్ అనే సాఫ్ట్‌వేర్ కావాలి. బియ్యం ఒకటే అయినా నలుగురు వండితే నాలుగు రకాలుగా ఉడుకుతుంది కదా, ఒకే రా ఫైల్‌ను నాలుగు కన్వర్టర్లకిస్తే నాలుగు రకాల ఫొటోలొస్తాయి. ఒకదాంట్లో చర్మం రంగు బాగా కుదురుతుంది. ఒకదాంట్లో నీడలు మురికిగా ఉంటాయి. ఇంతకు మించి మీకు అక్కర్లేదు.

మా కంపెనీకి సొంత కన్వర్టర్ ఒకటుండేది, బాగా పాతబడింది. దాన్ని మొదటినుంచీ తిరగరాసే పని ఒక తెలుగమ్మాయికి అప్పగించారు. తెనాలి వైపు పిల్ల, ముప్పై దాటి ఒకటో రెండో ఏళ్ళుంటాయి. మాట తక్కువ, పని గట్టి. భర్తది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయడానికి వీల్లేదు, ఇంట్లో ఏడాది పాపను చూసుకునేవాడు. ఆమె ఆరేళ్ళ వీసాలో ఐదో ఏడు సగం దాటింది. ఆ ఏడు నిండేలోపు కంపెనీ గ్రీన్ కార్డ్‌కి ఫైల్ చేయాలి. చేయకపోతే ఆరో ఏడు కాగానే ముగ్గురూ తట్టాబుట్టా సర్దుకోవాల్సిందే.

సరిగ్గా అప్పుడే మా పైవాళ్ళకు ఇంకో ఆలోచన వచ్చింది. మనమే రాసుకోవడం దేనికి, బయట మూడు మంచి కన్వర్టర్లున్నాయి, వాటిలో ఒకదానికి లైసెన్స్ తీసుకుంటే పోతుంది కదా అని. మాదాన్నీ ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి ఏది బాగుందో తేల్చమని ఆ పని నాకిచ్చారు. మాది ఆఖర్న నిలిస్తే ఆమె టీమ్ ఉండదు. గ్రీన్ కార్డ్ కాగితాల సంగతి కూడా ఫలితం వచ్చాకే చూద్దామని మేనేజర్ ఆమెతో చెప్పేశాడు. అంటే ఆ కుటుంబం ఈ దేశంలో ఉండేదీ వెళ్ళేదీ నా గదిలో తేలాలి.

ఇక్కడే చిక్కొచ్చిపడింది. ఆ అమ్మాయి మా చర్చికే వచ్చేది. ఆదివారం అమెరికన్ల ఆరాధన అయిపోయాక, అదే హాలు అద్దెకు తీసుకుని మధ్యాహ్నం మా తెలుగు ఆరాధన జరిగేది. ఆమె పాటల బృందంలో పాడేది. వాళ్ళ పాప మా ఆవిడ చంక దిగేది కాదు. నన్ను ఆఫీసులో కూడా ‘అంకుల్’ అనే పిలిచేది, నేనే వద్దని మాన్పించాను.

ఎందుకు మాన్పించానో చెప్పాలి. అంతకు ఏడాది ముందు మా డిపార్ట్‌మెంట్‌లో ఒక తెలుగు కుర్రాణ్ణి తీసుకోమని నేను గట్టిగా చెప్పాను. తీరా చేరాక వాడికి పనిరాదని తేలింది. మేనేజర్ నన్నేమీ అనలేదు, నవ్వుతూ ఒక్క మాటన్నాడు. ‘మీ భాషవాడు కదా, నీకు బాగానే కనిపించి ఉంటాడులే.’ ఇంగ్లీషులో అన్న మాటలన్నీ ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. నిప్పులాంటి మనిషినని పేరున్నవాణ్ణి నేను. ఇంకెప్పుడూ ఎవరూ నన్ను అలా అనకూడదని పంతం పట్టాను.

అందుకే టెస్ట్ మొదలైన రోజే ఆమెను పిలిచి చెప్పాను.

“ఇదిగో అమ్మా, ఈ నెల రోజులూ నువ్వు నా గదికి రాకూడదు. ఏదైనా ఉంటే మేనేజర్‌తో చెప్పుకో.”

“ఒక్క చిన్న విషయం ఉందండీ...”

“చిన్నదైనా పెద్దదైనా వద్దు. రేపు నీది గెలిస్తే నేనే గెలిపించానంటారు. నీకే నష్టం.”

ఆమె తలూపి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే ఆమె దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది, ‘టెస్ట్‌కి ముందు దయచేసి చదవండి’ అని. నేను దాన్ని తెరవలేదు. ‘టెస్ట్ అయ్యాక’ అని ఒక ఫోల్డర్ పెట్టి అందులో పడేశాను. ఎంత న్యాయంగా ఉన్నానో అని నాకు నేనే భుజం తట్టుకున్నాను కూడా.

మిగతా మూడు కన్వర్టర్ల విషయంలో మాత్రం ఎప్పుడూ చేసే పనే చేశాను. ఆ మూడు కంపెనీలకూ మెయిల్ రాశాను. ‘మేం ఫలానా కెమెరా వాడుతున్నాం, ఇది కొత్త మోడల్, మీ సాఫ్ట్‌వేర్‌లో దీనికి విడిగా ఏమైనా వేసుకోవాలా?’ అని. ఇద్దరు వెంటనే ఆ కెమెరా కొలతలున్న ఫైల్, ప్రొఫైల్ అంటారు దాన్ని, తలా ఒకటి పంపారు. మూడోవాళ్ళు అక్కర్లేదన్నారు. ముగ్గురికీ థాంక్స్ చెప్పి, ఆ ఫైళ్ళు వేసుకుని పని మొదలుపెట్టాను.

నాలుగిటికీ చీట్లు వేసి ఏ, బి, సి, డి అని అక్షరాలు పెట్టాను. ఏది ఎవరిదో రాసిన కాగితం కవర్లో పెట్టి అంటించాను. మాది డి అని నాకొక్కడికే తెలుసు. ఇరవై నాలుగు ఫొటోలు, నాలుగేసి ప్రింట్లు. బూడిదరంగు గోడలున్న గదిలో, ఎప్పుడూ ఒకేలా వెలిగే దీపం కింద వాటిని పరిచాం. ఐదుగురు వచ్చి, ఏది ఎవరిదో తెలియకుండా మార్కులు వేశారు. ప్రింట్లు తీసేవాడు మా ల్యాబ్‌లో ఒక పెద్దాయన, అమెరికన్. ముప్పై ఏళ్ళు డార్క్‌రూమ్‌లో చేతులు తడుపుకున్న మనిషి, కంప్యూటర్లంటే గిట్టదు. ఆయనే మొదట అన్నాడు.

“ఈ డి ఎవరిదో గానీ, వెలుగు ఉన్నచోట అన్నిటికన్నా బాగుంది. నీడ వచ్చేసరికి బురద. ఒకే మనిషి ఇలా రెండు రకాలుగా ఎలా చేస్తాడబ్బా?”

నిజమే. నల్లకోటు వేసుకున్న ముసలాయన పోర్ట్రెయిట్ ఒకటుంది. ఆయన మొహం డి ప్రింట్లో ప్రాణంతో ఉన్నట్టుంది. కోటు మాత్రం ఆకుపచ్చగా నాచు పట్టినట్టుంది, పైన గరుకు. అన్నేళ్ళ అనుభవమున్నవాడికి అనుమానం రావాలి కదా? వచ్చింది. కెమెరాలో నలుపు ఎక్కడ మొదలవుతుందో కన్వర్టర్‌కు సరిగ్గా తెలియకపోతేనే ఇలా వస్తుందని నాకు తెలుసు. బి ప్రింట్లు అలా వచ్చి ఉంటే ఆ పూటే ఆ కంపెనీకి ఫోన్ చేసేవాణ్ణి. డి మనమ్మాయిది కాబట్టి, ‘సాకులు వెతకొద్దు, ఉన్నది ఉన్నట్టు రాయి’ అని నన్ను నేనే కసురుకున్నాను.

డి ఆఖర్న నిలిచింది. కవర్ తెరిచి, పేర్లతో సహా రిపోర్ట్ రాసి పంపేశాను.

ఆ ఆదివారం చర్చిలో అందరూ భోజనాల దగ్గరున్నప్పుడు ఆమె ప్లేట్ పట్టుకుని నా పక్కకొచ్చింది. మొహంలో నెత్తురు లేదు. మేనేజర్ ఆమెకు చూచాయగా చెప్పాడని అర్థమైంది.

“అంకుల్, ఆ రోజు మెయిల్ పంపాను. మీరు చూశారా?”

“ఇక్కడ ఆఫీస్ మాటలొద్దమ్మా.”

“కాదంకుల్, చూశారో లేదో అంతే. చూసే టెస్ట్ చేశారనుకున్నా. మరి షాడోస్ అలా ఎలా...”

“చెప్పాను కదా వద్దని!”

కాస్త గట్టిగానే అరిచినట్టున్నాను. పులిహోర వడ్డిస్తున్నావిడ తలెత్తి చూసింది. ఆమె ప్లేట్ అక్కడే పెట్టి పాపను తీసుకోవడానికి వెళ్ళిపోయింది. ఇంటికొస్తుంటే కార్లో మా ఆవిడ దులిపేసింది. “పచ్చి బాలింతరాలిగా ఉన్నప్పటినుంచీ ఎరిగిన పిల్ల. ఆ పిల్ల అడిగిందేమిటి, మీరు కసిరిందేమిటి? ఒక్క మాటకి సమాధానం చెప్తే మీ నిజాయితీ అరిగిపోతుందా?” నీకు తెలియదు ఊరుకోమన్నాను.

గురువారం పది గంటలకు మీటింగ్. వైస్ ప్రెసిడెంట్ వస్తుంది, నిర్ణయం అక్కడే. ఆవిడ ముందురోజు సాయంత్రం ఒక మెయిల్ పెట్టింది. నల్లకోటు ముసలాయన డి ప్రింట్ పెద్ద సైజులో కావాలి, తేడా అందరికీ కనిపించాలి అని. గురువారం ఎనిమిదిన్నరకే వెళ్ళాను. నా కంప్యూటర్‌కు ఏదో అప్‌డేట్ జరుగుతోంది, ముట్టుకోవడానికి లేదు. సరేనని పెద్దాయన గదిలోని మెషీన్‌లో మా కన్వర్టర్ వేసుకుని ఆ ఫైల్ తెరిచాను.

తెర మధ్యలో చిన్న కిటికీ ఒకటి లేచింది. ‘ఈ కెమెరాకు సంబంధించిన ప్రొఫైల్ దొరకలేదు. మామూలు ప్రొఫైల్‌తో నడుపుతున్నాం.’ దానికింద చిన్న గడి, పక్కన ‘ఇకమీదట చూపించవద్దు’.

నెల రోజుల కిందట నా మెషీన్‌లో ఇదే కిటికీ వచ్చింది. ఇలాంటివి రోజుకి పది వస్తాయి, చదవకుండానే ఆ గడిలో నొక్కి మూసేయడం నాకు అలవాటు. నా వేలు ఆ గడిని నొక్కడం కళ్ళముందు కదిలింది. అంటే ఇరవై నాలుగు ఫొటోల్లో ఒక్కటి కూడా సరైన ప్రొఫైల్‌తో తీయలేదు. ఆమె కన్వర్టర్ కళ్ళకు గంతలు కట్టి పరుగెత్తించి, ఆఖర్న వచ్చిందని రాశాను.

అక్కడే నా మెయిల్లోకి వెళ్ళి ఆ ‘టెస్ట్ అయ్యాక’ ఫోల్డర్ తెరిచాను. ఆమె మెయిల్లో నాలుగు వరుసలున్నాయి. ‘ఇది ఆఫీస్ లోపల టెస్ట్ చేసుకునే వెర్షన్ కాబట్టి కొత్త కెమెరా ప్రొఫైల్ ఇంకా కలపలేదు. ఫైల్ జతచేశాను. దీన్ని ఫోల్డర్లో వేయకపోతే నీడలు పచ్చగా వస్తాయి.’ చివర ‘వందనాలు’ అని.

ఫైల్ వేశాను. ముసలాయన కోటు నల్లగా వచ్చింది. నేత కూడా కనిపిస్తోంది. బొత్తాం కన్నాల చుట్టూ కుట్టు కనిపిస్తోంది. నా జన్మలో ఏ అందమైన వస్తువునూ అంతగా అసహ్యించుకోలేదు నేను. టైమ్ తొమ్మిదికి ఐదు నిమిషాలుంది.

పెద్దాయన లోపలికొచ్చి తెర చూశాడు, నా మొహం చూశాడు. జరిగింది చెప్పాను. కాసేపు గడ్డం గోక్కుని అన్నాడు.

“ఇప్పుడు చెప్పావంటే ఆ అమ్మాయిని కాపాడ్డానికి ఆఖరి నిమిషంలో కట్టుకథ అల్లావంటారు.”

“తెలుసు.”

“పైగా తప్పు నీదని రాతపూర్వకంగా ఉంటుంది.”

“అదీ తెలుసు.”

దాచకుండా చెప్తున్నాను, ఆ రెండో మాటకు నా మనసు ఊగింది. లోపల ఒక గొంతు లేచింది. మీటింగ్ అవనీ, తర్వాత మేనేజర్‌తో విడిగా చెప్పు, వాయిదా వేయిస్తాడు, నీ పరువూ దక్కుతుంది అని. అది ఎంత తియ్యగా మాట్లాడిందో మీకు చెప్పలేను. నేను కదలకుండా కూర్చుంటే పెద్దాయనే ప్రింటర్లో కాగితాలు పెట్టి, “ఆరడానికి టైమ్ కావాలి. గంటలో మూడు తీయగలను, ఎక్కువ కాదు. ఏ మూడో చెప్పు” అన్నాడు. చెప్పాను.

మీటింగ్ రూమ్‌లో ఏడుగురున్నారు. ఆమె బల్ల చివర నోట్‌బుక్ ముందు పెట్టుకుని కూర్చుంది. నా వైపు చూడలేదు. మేనేజర్ ఉత్సాహంగా రిపోర్ట్ మొదటి పేజీ తిప్పబోతుంటే లేచి నిలబడ్డాను.

“ఆ రిపోర్ట్ పనికిరాదు. డి ప్రింట్లు తప్పుగా తీశాను. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, నాది” అని మూడు కొత్త ప్రింట్లు బల్లమీద పరిచాను. ఒకదాని అంచు ఇంకా తడిగానే ఉంది.

మేనేజర్ మొహం ఎర్రబడింది. “నెల రోజులు నీ దగ్గరే ఉంది. ఇప్పుడు, మీటింగ్ రోజు పొద్దున్న తెలిసిందా?” అన్నాడు.

వైస్ ప్రెసిడెంట్ చెయ్యెత్తి ఆపింది. ప్రింట్లు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత నన్ను చూసింది. “ఈమెకూ నీకూ ఆఫీస్ బయట పరిచయముందా?”

“ఉంది. ఒకే చర్చి.”

“ఈ ఫైల్ కావాలని ఆమె నీకు చెప్పలేదా?”

“మొదటిరోజే మెయిల్ పంపింది. నేను తెరవలేదు.”

“ఎందుకని?”

“పరిచయముంది కాబట్టి.”

ఆవిడ పెన్ను కింద పెట్టింది. “మిగతా మూడు కంపెనీలవాళ్ళ మెయిల్స్?”

“తెరిచాను. నేనే రాసి అడిగాను కూడా.”

అది నా నోటితో నేను వినడం అదే మొదటిసారి. సిగ్గుతో చచ్చిపోయాను. పక్షపాతం లేదని చూపించుకోవడానికి నెల రోజులు నేను చేసింది పక్షపాతమే. కాకపోతే తిరగేసి చేశాను. ఆమె అప్పుడు కూడా తలెత్తలేదు, నోట్‌బుక్ మూల మడుస్తూ కూర్చుంది.

టెస్ట్ నా చేతుల్లోంచి తీసి, వేరే ఊళ్ళోని మా ఆఫీసుకు అప్పగించారు. నా ఉద్యోగ రికార్డులో ఈ తప్పు రాసిన కాగితం ఒకటి చేరింది, అది న్యాయమే. మూడు వారాల్లో ఫలితం వచ్చింది. మొత్తం మీద డి రెండోది, నీడల్లో మొదటిది. లైసెన్స్ ఆలోచన విరమించుకున్నారు. ఆమె రాసిన కన్వర్టర్ ఆ తర్వాత చాలా ఏళ్ళు కస్టమర్ల కంప్యూటర్లలో నడిచింది. మేనేజర్ కూడా గ్రీన్ కార్డ్ కాగితాలు వచ్చే సోమవారమే లాయర్‌కు పంపుతానన్నాడు.

ఆమె అక్కర్లేదంది. నా రిపోర్ట్ వెళ్ళిన రోజునుంచే వేరే ఉద్యోగాలకు ఇంటర్వ్యూలిస్తోంది. ఐదో ఏడు కరిగిపోతుంటే నా మనసు మారేదాకా కూర్చోవడానికి ఆమె పిచ్చిది కాదు కదా. దేశానికి ఆ చివరనున్న అల్ఫారెట్టాలో ఒక కంపెనీ, చేరిన రోజే కాగితాలు మొదలుపెడతామని రాసిచ్చింది. ఫొటోలతో సంబంధం లేని పని, బ్యాంకుల సాఫ్ట్‌వేర్. రెండేళ్ళు కష్టపడి రాసుకున్నదాన్ని మాకు వదిలేసి ఆ పనికి పోయింది.

ఆఖరి రోజు సాయంత్రం నా గదికొచ్చింది. గుమ్మం దగ్గరే ఆగింది, నేను రావద్దన్నది గుర్తుందేమో. లోపలికి రమ్మంటే వచ్చి నిలబడింది, కూర్చోలేదు. నేను క్షమాపణ చెప్పాను. రెండు రోజులుగా కూడబలుక్కున్న మాటలన్నీ చెప్పాను.

“పర్లేదంకుల్. మీటింగ్‌లో అలా ఒప్పుకోవడం ఈజీ కాదు. నాకు తెలుసు” అంది.

“చేయాల్సిందే కదమ్మా.”

“ఒక్కటి అడగనా? ఏమనుకోకూడదు.”

“అడుగు.”

“నా ప్లేస్‌లో ఒక అమెరికన్ అమ్మాయి ఉండి మీకు ఆ మెయిల్ పంపితే, ఓపెన్ చేసేవారా?”

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. మీటింగ్‌లో అంతమంది ముందు నిజం చెప్పినవాడికి, ఆ ఒక్క పిల్ల ముందు నోరు పెగలడానికి చాలాసేపు పట్టింది.

“చేసేవాణ్ణమ్మా. వచ్చిన నిమిషంలో చేసేవాణ్ణి.”

ఆమె తలూపింది. కళ్ళు తుడుచుకోవడానికి కూడా నా ముందు ఆగలేదు. “వస్తానంకుల్, ఆంటీకి చెప్పండి” అని బ్యాగ్ భుజాన వేసుకుని, నేను తలుపు దాకా వెళ్ళేలోపే మెట్లు దిగిపోయింది.